ఆలోచనా.. నెమరా?

బాధ కలిగించే ఆలోచన అందరికీ వస్తుంది. వచ్చాక దాన్ని ఏం చేస్తున్నామన్న దగ్గరే కుంగుబాటుకీ, ఆందోళనకీ దారి పడుతుంది. ఉద్యోగాల వేటలో, కొత్త కొలువుల ఒత్తిడిలో ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

రాత్రి 11.20. మాదాపూర్‌లో ఓ పీజీ గది. పడుకోబోతుంటే ఫోన్లో మేనేజర్ మెసేజ్: 'రేపు పదింటికి ఒకసారి మాట్లాడదాం.' అంతే. ముందూ లేదు, వెనకా లేదు.

అది 2023. ఏ ఆఫీసు క్యాంటీన్లో కూర్చున్నా లేఆఫ్‌ల కబుర్లే. అందుకని 11.30కల్లా నా ఉద్యోగం పోయింది. పన్నెండింటికి ఎడ్యుకేషన్ లోన్ వాయిదా ఆగిపోయి బ్యాంకు వాళ్లు ఇంటికి ఫోన్ చేశారు. ఒంటిగంటకి మా నాన్న ఊళ్లో నలుగురిలో తలెత్తుకోలేకపోయారు. రెండున్నరకి చెల్లి పెళ్లి సంబంధం తప్పిపోయింది. మూడింటికి తీర్పు కూడా వచ్చేసింది: 'నేను ఎందుకూ పనికిరాను.' విచారణ లేదు, సాక్షులు లేరు, అప్పీలు లేదు. ఇదంతా జరిగింది నా తలలోనే, దుప్పటి కింద.

పొద్దున పదింటికి మీటింగ్ నాలుగు నిమిషాల్లో అయిపోయింది. 'కొత్తగా ట్రైనీలు వస్తున్నారు. రెండు రోజులు వాళ్లకి క్లాసులు చెప్తావా?' అని అడిగారు. 'అలాగే సార్' అన్నాను. బయటికొచ్చి నవ్వుకున్నాను కూడా.

కథ అక్కడితో అయిపోతే రాయడానికేం లేదు. అలాంటి రాత్రి అదొక్కటే కాదు. దానికి ముందూ ఉన్నాయి, తర్వాతా వచ్చాయి. నిద్ర తగ్గింది, ఆకలి చచ్చింది, ఇష్టంగా రాసుకునే బ్లాగు మూలపడింది. రెండో నెలలో రాజీనామా లేఖ రాసి డ్రాఫ్ట్స్‌లో పెట్టుకున్నాను. నన్నెవరూ తీసెయ్యలేదు. నా అంతట నేనే వెళ్లిపోవడానికి సిద్ధమయ్యాను. మూడో నెలలో డాక్టర్ని కలిశాక తెలిసింది, దీనికో పేరుందనీ, ఇది ఎలా పనిచేస్తుందో దశాబ్దాలుగా పరిశోధించినవాళ్లున్నారనీ. ఇంజినీరింగ్ బుర్ర కదా, 'ఎలా పనిచేస్తుంది' అన్న ప్రశ్న పట్టుకుంటే వదలదు. అలా చదివిందీ, వాడి చూసిందీ ఇక్కడ చెప్తున్నాను.

గేదె చేసేదీ, మనసు చేసేదీ

మా అమ్మమ్మగారి ఊళ్లో సాయంత్రం పాలు తీశాక గేదెలు కొట్టంలో పడుకుని నెమరేస్తుండేవి. పగలంతా గబగబా మింగిన మేతని మళ్లీ నోట్లోకి తెచ్చుకుని తీరిగ్గా నమిలేవి. అలా నమిలితేనే వాటికి అరుగుతుంది. మనమూ 'కాలేజీ రోజులు నెమరేసుకున్నాం' అంటాం. కానీ మనం తీపినే కాదు, చేదునీ నెమరేస్తాం. గేదెకి నమిలితే అరుగుతుంది. మనకి నమిలేకొద్దీ పెరుగుతుంది. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని రూమినేషన్ అంటారు. ఆ ఇంగ్లిష్ మాట మూలం కూడా పశువుల నెమరే.

దీని మీద ఎక్కువగా పనిచేసిన శాస్త్రవేత్త సుసాన్ నోలెన్-హోక్సెమా. ఆమె అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఉన్నప్పుడు, బాధ కలిగితే విద్యార్థులు ఏం చేస్తారు, ఎంత దిగులుగా ఉన్నారు అన్న వివరాలు ఒక అధ్యయనం కోసం తీసుకున్నారు. సరిగ్గా రెండు వారాలకి, 1989 అక్టోబర్ 17న, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాన్ని పెద్ద భూకంపం కుదిపేసింది. ఏ ప్రయోగశాలలోనూ సృష్టించలేని పరీక్ష అది. ఆమె బృందం అదే విద్యార్థుల్ని పది రోజుల తర్వాత ఒకసారి, ఏడు వారాల తర్వాత ఇంకోసారి పలకరించింది. బాధను నెమరేసే అలవాటు ముందునుంచీ ఉన్నవాళ్లలో కుంగుబాటు లక్షణాలు ఎక్కువ కనిపించాయి. అంతకుముందే ఉన్న దిగులు స్థాయిని లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా మిగిలింది. కాళ్ల కింద నేల అందరికీ కదిలింది. కొందరి తలల్లో అది కదలడం ఆగలేదు.

ఇక్కడ ఒక చిక్కుంది. నెమరేసేటప్పుడు మనం 'బాగా ఆలోచిస్తున్నాం' అనుకుంటాం. నేనూ అంతే. సమస్యను అన్ని కోణాల్లోంచీ విశ్లేషిస్తున్నా అనుకునేవాణ్ని. తేడా పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఇరవై నిమిషాల తర్వాత చేతిలో ఏదైనా కొత్తగా మిగిలిందా? ఒక నిర్ణయమో, చెయ్యాల్సిన పనో, ఎవరికో చెయ్యాల్సిన ఫోనో మిగిలితే అది ఆలోచన. బయల్దేరిన చోటికే తిరిగొచ్చి, ఇంకాస్త నీరసం మాత్రమే మిగిలితే అది నెమరు.

వెనక్కి ఒకటి, ముందుకి ఒకటి

కుంగుబాటులో ఉన్న మనసు ఎక్కువగా వెనక్కి చూస్తుంది. 'ఎందుకిలా అయింది? నాకే ఎందుకు?' ఆందోళనలో ఉన్న మనసు ముందుకి చూస్తుంది. 'అలా అయితే? ఇలా అయితే?' చాలామందిలో ఈ రెండూ కలిసే ఉంటాయి. నా ఆ రాత్రి ముందుకి చూడ్డంతో మొదలై, మూడింటికి వెనక్కి చూడ్డంతో ముగిసింది.

ఆలోచనలకీ భావాలకీ ఉన్న ముడిని వైద్యంలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు అమెరికన్ సైకియాట్రిస్టు ఆరన్ బెక్. కుంగుబాటు అంటే లోపలికి తిరిగిన కోపం అని ఆ రోజుల్లో ఒక సిద్ధాంతం ఉండేది. 1960ల్లో ఆయన దాన్నే రుజువు చేద్దామని మొదలెట్టారు. రోగులు చెప్పేవి వింటే వేరే సంగతి కనిపించింది. సంఘటనకీ బాధకీ మధ్యలో, కన్ను మూసి తెరిచేంతలో ఒక ఆలోచన మెరిసి పోతోంది. వాళ్లు దాన్ని గమనించట్లేదు, కానీ నమ్మేస్తున్నారు. 'నేను చేతకానివాణ్ని', 'ఈ లోకం నాకు సాయం చెయ్యదు', 'ఇకముందూ ఇంతే.' నా మీద, లోకం మీద, భవిష్యత్తు మీద, ఇలా మూడు వైపులా ఒకే చీకటి. సీబీటీ అనే చికిత్సకి ఒక పునాది అక్కడ పడింది. బెక్ నూరేళ్లు బతికి 2021లో కన్నుమూశారు.

ఈ మెరుపు ఆలోచనలకి కొన్ని అచ్చులున్నాయి. మన మాటల్లో ఇవి రోజూ వినిపిస్తాయి.

'ఒక్క బ్యాక్‌లాగ్ పడింది, ఇక నా కెరీర్ అయిపోయింది.' ఉంటే నూరు, లేకపోతే సున్నా. మధ్యలో ఏమీ ఉండదు.

'హెచ్‌ఆర్ మేడమ్ ముఖం చూస్తేనే అర్థమైపోయింది, నన్ను తీసుకోరు.' ఎదుటివాళ్ల మనసు మనమే చదివేయడం. ఆవిడకి ఆకలేస్తుండొచ్చు కదా!

'భయంగా ఉందంటే ఏదో జరగబోతున్నట్టే.' భావాన్నే సాక్ష్యంగా తీసుకోవడం. మనసు కీడు శంకించడం వేరు, కీడు జరగడం వేరు.

'ఇంటర్వ్యూ పోయింది' అనాల్సిన చోట 'నేనో ఫెయిల్యూర్‌ని' అనడం. జరిగినదానికి పెట్టాల్సిన పేరుని మనకి తగిలించుకోవడం.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ముందు చెడు జరిగితే ఏంటో చూసుకో, తర్వాత మంచి జరిగే వీలూ చూసుకో అని. చాలా ఆచరణాత్మకమైన సలహా అది. ఆందోళనలో ఉన్న మనసు ఆ సామెతలో మొదటి మాట దగ్గరే ఆగిపోతుంది. కీడెంచుతుంది, మళ్లీ కీడెంచుతుంది, తెల్లారేదాకా కీడే ఎంచుతుంది. మేలెంచే సగానికి చేరుకోదు.

దిగమింగితే పోతుందా?

మరి బాధనీ భయాన్నీ ఏం చెయ్యాలి? మన ఇళ్లలో నేర్పేది ఒక్కటే. 'దిగమింగుకో.' 'మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా?' 'ఆడపిల్లవి, ముఖం అలా పెట్టకు.' ముఖం మీద ఏం కనపడనివ్వకపోతే గట్టివాళ్లం అని మన నమ్మకం.

స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జేమ్స్ గ్రాస్ ఈ నమ్మకాన్నే పరీక్షకి పెట్టారు. రాబర్ట్ లెవెన్‌సన్‌తో కలిసి 1990ల్లో చేసిన ప్రయోగాల్లో మనసుని కదిలించే సినిమా ముక్కలు చూపించి, కొందరితో 'మీకేం అనిపిస్తోందో బయటికి కనపడనివ్వకండి' అన్నారు. వాళ్లు ముఖం బాగానే అదుపులో పెట్టుకున్నారు. కానీ లోపల బాధ తగ్గలేదు. పైగా గుండె, రక్తనాళాల మీద ఒత్తిడి చూపే కొలతలు పెరిగాయి. భావాన్ని అణిచిపెట్టుకుంటూ చూసినవాళ్లకి చూసిన విషయాలు సరిగ్గా గుర్తుండవని తర్వాతి ప్రయోగాలు చూపించాయి. ఇంటర్వ్యూ గదిలో మనకి జరిగేది ఇదే. వణుకు కనపడకుండా దాచడానికే సగం బుర్ర ఖర్చయితే, నిన్న రాత్రి చదివిన జవాబు ఎక్కడ గుర్తొస్తుంది?

ఆలోచనను బలవంతంగా తోసేయడమూ అంతే. 1987లో డేనియల్ వెగ్నర్ బృందం కొందరిని 'తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించకండి' అంది. ఎంత వద్దనుకున్నా ఆ ఎలుగుబంటి మాటిమాటికీ వస్తూనే ఉంది. ఆపమన్న తర్వాత ఆలోచించమంటే, మొదటినుంచీ ఆలోచించమన్నవాళ్ల కంటే ఎక్కువగా వచ్చింది.

గ్రాస్ చెప్పే ఇంకో దారి ఉంది. భావం ముదిరాక మూత పెట్టడం కాకుండా, అది తయారయ్యేటప్పుడే పరిస్థితిని ఇంకోలా చూడ్డం. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కి చెందిన అలిసన్ ఉడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాలు దీనికి మంచి ఉదాహరణ. పాట పాడటానికో, ప్రసంగించడానికో, లెక్కలు చెయ్యడానికో ముందు 'నేను ప్రశాంతంగా ఉన్నాను' అనుకున్నవాళ్ల కంటే 'నాకు ఉత్సాహంగా ఉంది' అనుకున్నవాళ్లు బాగా చేశారు. గుండె దడ రెండింటిలోనూ ఒకటే. దడని తగ్గించడం కష్టం, దాని అర్థం మార్చుకోవడం తేలిక. గ్రూప్ డిస్కషన్‌కి ముందు చేతులు చల్లబడితే 'అయిపోయాను' అనుకోకుండా 'ఒళ్లు సిద్ధమవుతోంది' అనుకోవడం అన్నమాట.

అయితే నాకు బాగా ఉపయోగపడిన సంగతి 2010లో వచ్చిన ఒక సమీక్షలో ఉంది. అమీలియా ఆల్డావో, నోలెన్-హోక్సెమా, సుసాన్ ష్వైజర్ కలిసి 114 అధ్యయనాల ఫలితాలను ఒకచోట పెట్టి చూశారు. నెమరేయడం, తప్పించుకోవడం, అణిచిపెట్టడం ఎక్కువున్న వాళ్లలో మానసిక సమస్యల లక్షణాలు ఎక్కువ. పరిస్థితిని వేరేలా చూడ్డం, ఉన్నదాన్ని ఒప్పుకోవడం, సమస్యని పరిష్కరించుకోవడం ఉన్నవాళ్లలో తక్కువ. అన్నిటికంటే గట్టి లంకె కనిపించింది నెమరుతోనే. నేను దీన్నిలా అర్థం చేసుకున్నాను: పది మంచి అలవాట్ల కోసం పరిగెత్తేముందు, ఈ ఒక్క పాత అలవాటు మీద చూపు పెట్టడం మేలు.

తప్పించుకుంటే పెరిగేది

నెమరుకి తోడబుట్టింది తప్పించుకోవడం. ఆ మూడు నెలలూ నేను మెయిల్ తెరవడానికి భయపడేవాణ్ని. తెరవకపోతే కాసేపు హాయిగా ఉండేది. ఆ హాయే ఉచ్చు. 'తెరవలేదు కాబట్టే బతికిపోయాను' అని మనసు పాఠం నేర్చుకుంటుంది. మర్నాటికి అదే ఇన్‌బాక్స్ ఇంకా పెద్ద భూతమవుతుంది.

అమ్మ రోజూ రాత్రి ఫోన్ చేసేది.

'ఏం నాన్నా, తిన్నావా?'

'తిన్నానమ్మా.'

'ఏం కూర?'

అక్కడ దొరికిపోయేవాణ్ని. ఏదో ఒక కూర పేరు చెప్పేవాణ్ని. కొన్నాళ్లకి ఆ అబద్ధం చెప్పలేక ఫోన్ తీయడమే మానేశాను. తీయలేదన్న అపరాధ భావం మళ్లీ రాత్రి నెమరుకి మేత. చూశారా, చక్రం ఎలా తిరుగుతుందో? నెమరు వల్ల నిద్ర పోతుంది, నిద్ర లేక పని దెబ్బతింటుంది, పని దెబ్బతింటే మనుషుల్ని తప్పించుకుంటాం, ఒంటరిగా ఉంటే నెమరే తోడు. ప్రోగ్రామర్లు అనంతమైన లూప్ అంటారే, అలాంటిది. లోపల ఎంత తిరిగినా బయటికొచ్చే షరతు ఎక్కడా రాసుండదు. బయటి నుంచి ఎవరో ఆపాలి, లేదా మనమే ఒకచోట తెంపాలి.

నన్ను ఆపింది నా రూమ్మేట్. ఒకరోజు లైటేసి మంచం మీద కూర్చుని, 'రేయ్, నువ్వు సరిగ్గా తినక చాలా రోజులైంది. నాకు భయంగా ఉంది. రేపు నేను సెలవు పెట్టా, డాక్టర్ దగ్గరికెళ్దాం' అన్నాడు. పాజిటివ్‌గా ఉండమనలేదు. నీకేం తక్కువరా అనలేదు. సెలవు పెట్టాడంతే.

నాకు పనికొచ్చినవి నాలుగు

డాక్టర్ కొన్నాళ్లు మందు రాశారు. సైకాలజిస్టు దగ్గర సీబీటీ కూడా తీసుకున్నాను. అక్కడ నేర్చుకున్నవాటిలో ఇప్పటికీ వదలనివి ఇవి.

ఒకటి, ఐదు గడుల నోట్‌బుక్. జరిగిందేంటి, మనసు ఏమంది, ఏమనిపించింది, సాక్ష్యాలేంటి, ఇంకేమై ఉండొచ్చు. ఆ రాత్రి మెసేజ్‌ని నేను తర్వాత ఇలా రాశాను. జరిగింది: మేనేజర్ ఒక లైను మెసేజ్ పెట్టారు. మనసు అన్నది: తీసేస్తున్నారు. అనిపించింది: భయం, నూటికి తొంభై. సాక్ష్యాలు: కంపెనీల్లో లేఆఫ్‌లు జరుగుతున్న మాట నిజం. కానీ ఆయన ఎప్పుడూ ఇలాగే ముక్తసరిగా రాస్తారు, ఆ మీటింగ్‌కి హెచ్‌ఆర్‌ని పిలవలేదు, పోయిన నెల నా పని బావుందన్నారు. ఇంకేమై ఉండొచ్చు: కొత్త పని, సెలవుల సంగతి, ఇంకేదైనా. అంతా రాశాక భయం తొంభై నుంచి యాభైకి దిగింది. సున్నా కాలేదు. సున్నా కానక్కర్లేదు, నిద్రపట్టేంత తగ్గితే చాలు. తలలో తిరిగే ఆలోచనకి మొదలూ చివరా ఉండవు. కాగితం మీద పెడితే దానికో పొడవు వస్తుంది.

రెండు, 'ఎందుకు'ని 'ఎలా'గా మార్చడం. బ్రిటన్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీకి చెందిన ఎడ్ వాట్కిన్స్ ఏళ్లుగా దీని మీద పనిచేస్తున్నారు. 'నాకే ఎందుకిలా?' లాంటి గాల్లో ప్రశ్నలు నెమరుని పెంచుతాయి. 'సరిగ్గా ఏం జరిగింది? తర్వాతి అడుగు ఎలా వెయ్యాలి?' లాంటి నేల మీది ప్రశ్నలు పరిష్కారం వైపు నడిపిస్తాయి. 'నాకెందుకు ఉద్యోగం రావట్లేదు?' అన్నదానికి రాత్రంతా జవాబు దొరకదు. 'పోయిన ఇంటర్వ్యూలో ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయాను? దాన్ని ఎవరి దగ్గర నేర్చుకోవచ్చు?' అన్నదానికి పది నిమిషాల్లో దొరుకుతుంది.

మూడు, బెంగకో వేళ. సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర వరకు బెంగ పెట్టుకోవడానికే. మిగతా టైమ్‌లో వస్తే చీటీ మీద రాసి 'ఆరింటికి రా' అని పంపేయడం. వినడానికి వింతగా ఉంటుంది కానీ, అమెరికన్ పరిశోధకుడు టామ్ బోర్కోవెక్ 1980ల్లోనే దీన్ని పరీక్షించారు. ఇది అణిచిపెట్టడం కాదు, వాయిదా వెయ్యడం. ఆరింటికి చీటీలు తీస్తే సగం వాటికి కాలం చెల్లి ఉంటుంది. మిగిలినవాటిలో నిజంగా పని చెయ్యాల్సినవేవో కనపడతాయి. మంచం మీద మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

నాలుగు, ముందు పని, తర్వాత మూడ్. 'మూడ్ బాగయ్యాక వాకింగ్‌కి వెళ్తా' అనుకుంటాం. కుంగుబాటులో ఆ మూడ్ రాదు. అందుకే వరస తిప్పాలి. చిన్న పని చేస్తే మూడ్ దాని వెనక నెమ్మదిగా వస్తుంది. దీన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. దీని బలం మన దేశంలోనే రుజువైంది. ప్రొఫెసర్ విక్రమ్ పటేల్ బృందం గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, డాక్టర్లు కాని, శిక్షణ పొందిన మామూలు కౌన్సెలర్లతో ఆరు నుంచి ఎనిమిది విడతల్లో ఈ పద్ధతి ఇప్పించింది. తీవ్ర కుంగుబాటులో ఉన్నవాళ్లు, మామూలు చికిత్స మాత్రమే అందుకున్నవాళ్ల కంటే బాగా కోలుకున్నారు. 2017లో లాన్సెట్ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. నా మొదటి పనేంటో తెలుసా? రోజూ పొద్దున కిందికి దిగి టీ తాగి రావడం. మూడో వారానికి అమ్మకి నేనే ఫోన్ చేశాను. ఏం కూరో నిజమే చెప్పాను.

'పాజిటివ్‌గా ఉండు' అంటే చాలదు

ఇదంతా చదివి 'అయితే తప్పంతా మన ఆలోచనదే' అనుకోకండి. అది ఇంకో కొత్త నెమరు అవుతుంది. కుంగుబాటుకి వంశపారంపర్యం, శరీరంలో మార్పులు, చిన్నప్పటి గాయాలు, అప్పులు, అవమానాలు, ఇలా చాలా కారణాలుంటాయి. థైరాయిడ్ సమస్య కూడా దిగులులా కనపడొచ్చు. కుంగుబాటే ఆలోచనల్ని నల్లగా మార్చేస్తుంది కూడా. అంటే దారి రెండువైపులా ఉంది.

పైగా అన్ని చెడు ఆలోచనలూ అబద్ధాలు కావు. ఆఫర్ లెటరిచ్చి జాయినింగ్ తేదీ చెప్పకుండా నెలలు తిప్పితే వచ్చే కోపం సరైన కోపమే. దాన్ని 'వేరేలా చూసి' సర్దుకోవడం కాదు, వేరే ఉద్యోగానికి అప్లై చెయ్యడం, అడగాల్సినచోట అడగడం మందు. ఎలిసన్ ట్రాయ్ బృందం 2013లో ఇదే చూపించింది. మన చేతిలో లేని కష్టంలో పరిస్థితిని వేరేలా చూడగల నేర్పు ఉన్నవాళ్లలో కుంగుబాటు తక్కువ. మన చేతిలో ఉన్న కష్టంలో మాత్రం ఆ నేర్పు ఎక్కువున్నవాళ్లలోనే కుంగుబాటు ఎక్కువ. మార్చగలిగింది మార్చాలి, మార్చలేనిదాన్ని చూసే తీరు మార్చుకోవాలి. ఏది ఏదో తేల్చుకోవడానికే ఆ ఐదు గడులు.

మీ రూమ్మేటో, క్లాస్‌మేటో ఇలా ఉంటే ఉపన్యాసం ఇవ్వకండి. 'నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా?' అనొద్దు. గంటలకొద్దీ అదే బాధని కలిసి నెమరేసినా లాభం లేదు. వినండి, తిన్నాడో లేదో చూడండి, డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లండి.

ఎప్పుడు, ఎక్కడికి?

దిగులుగానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడంగానీ దాదాపు రోజూ, రెండు వారాలకు మించి ఉంటే, నిద్ర, ఆకలి, చదువు, పని దెబ్బతింటుంటే నోట్‌బుక్‌తో సరిపెట్టుకోవద్దు. డాక్టర్ని కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగొద్దు. ఒంటరిగా ఉండకండి, పక్కన ఉన్నవాళ్లకి ఆ మాటే చెప్పండి, దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోనూ సైకియాట్రీ విభాగాలుంటాయి. మందులు మొదలుపెడితే డాక్టర్‌కి చెప్పకుండా మానెయ్యకండి. బాగుందనిపించినప్పుడే చాలామంది ఆ పొరపాటు చేస్తారు.

'ఉద్యోగానికి అడ్డొస్తుందేమో, ఆఫీసులో తెలిసిపోతుందేమో' అనేది మన వయసు వాళ్లందరి భయం. నన్ను మూడు నెలలు ఆపింది కూడా అదే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకోవడం మీ హక్కు. శారీరక జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలని కూడా ఆ చట్టం చెప్తోంది. నా ఆఫీసులో నేను చెప్పేదాకా ఎవరికీ తెలియలేదు. చెప్పాక, 'ఏ డాక్టర్ దగ్గరికెళ్లావ్?' అని ముగ్గురు పక్కకి పిలిచి అడిగారు.

ఇప్పుడు నాకూ ఒక చిన్న టీమ్ ఉంది. అందులో ఇద్దరు పోయినేడే కాలేజీ నుంచి వచ్చారు. మొన్న రాత్రి ఒకమ్మాయికి మెసేజ్ టైప్ చేశాను: 'రేపు పదింటికి ఒకసారి మాట్లాడదాం.' పంపబోతూ ఆగాను. మాదాపూర్ గది గుర్తొచ్చింది. వెనక్కెళ్లి ఇంకో లైను కలిపాను: 'కంగారేం లేదమ్మా, సోమవారం డెమో గురించి.'

రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. 'సరే అన్నా. గుడ్‌నైట్.'